నాలుగు నీళ్ళు కడిగిన నూనె

మాస్టారు పోయారని బాపట్ల నుంచి ఫోను వచ్చింది. మా ఇంట్లో ఫోను లేదు. ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి కేకేస్తే, పిండి చేతులతోనే వెళ్ళి అందుకున్నాను. అవతల మాస్టారి అమ్మాయి.

"అక్కా, నాన్నగారు వెళ్ళిపోయారు. పొద్దున లేచి, గ్యాసు కట్టేశావా అమ్మా అని అడిగారు. కట్టేశాను నాన్నా అన్నాను. ఇంకోసారి చూసి రామ్మా అన్నారు. చూసి వచ్చేసరికి..." అంది.

నాకు ఏడుపుకన్నా ముందు నవ్వొచ్చింది. ఎదురింటావిడ నన్ను వింతగా చూసింది. ఆయన్ని ఎరిగున్నవాళ్ళెవరికైనా అలాగే నవ్వొస్తుంది. మూడుసార్లు చూడకుండా ఆయన ఏ మూతా నమ్మలేదు. ఏ కుళాయీ నమ్మలేదు. చివరికి వెళ్ళేటప్పుడు కూడా ఇల్లు భద్రంగా ఉందో లేదో కనుక్కుని వెళ్ళారు. ఫోను పెట్టేసి ఇంటికొచ్చాక, పిండి కలుపుతూ ఏడ్చాను.

ఆయన గురించి పేపర్లో ఎవరూ రాయరు. తెనాలిలో ఒక కాలేజీలో ఇరవై ఏళ్ళకు పైగా కెమిస్ట్రీ చెప్పారు, రిటైరై సొంతూరు బాపట్ల వెళ్ళారు, అంతే. నేను మాత్రం రాయాలి. ఎందుకు రాయాలో చెప్పడానికి కొంచెం దూరం నుంచి రావాలి, ఓపిక పట్టండి.

ఎనభైల్లో నేను ఆయన దగ్గర డిగ్రీ చదివాను. కాలేజీ మొత్తం ఆయన్ని జాగ్రత్త మాస్టారు అనేవాళ్ళం, ఆయన వెనకాల. రైలుకి గంట ముందు స్టేషనుకి వెళ్ళేవారు. రైల్లో తలుపు దగ్గర చచ్చినా నిలబడేవారు కాదు. గ్లాసులో మంచినీళ్ళు ఇస్తే వాసన చూసి తాగేవారు. ల్యాబులో మొదటి రోజు మా అందరి చేతా చేతులు వెనక్కి కట్టించి, సీసాల మీద పేర్లు ఒక్కొక్కటే గట్టిగా చదివించారు.

"ముందు భయపడండి. తర్వాత మూత తియ్యండి," అనేవారు. మేం కిసుక్కున నవ్వేవాళ్ళం.

రికార్డు పుస్తకం విషయంలో మాత్రం ఎవరికీ నవ్వొచ్చేది కాదు. ఒక్క అంకె దిద్దినా సంతకం పెట్టేవారు కాదు. నేను ఒకసారి పక్కమ్మాయి రీడింగ్ చూసి నాది సరిచేసుకున్నాను. ఆయన పుస్తకం వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసి, చాలా మెల్లగా అన్నారు. "తప్పొస్తే తప్పు రాయమ్మా. తప్పుకి మార్కులు తగ్గుతాయి. దిద్దితే నేను నిన్ను నమ్మడం మానేస్తాను." ఆ రోజు నుంచి నేను ఏ అంకే దిద్దలేదు. రాయకుండా వదిలేసింది మాత్రం ఒకటుంది. దాని దగ్గరికే వస్తున్నాను.

చదువయ్యాక నాకు రేపల్లెలో సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. మా ఆయన అక్కడే డీజిల్ మెకానిక్కు. పొలాల పంపుసెట్లు, నిజాంపట్నం మరబోట్ల ఇంజన్లు ఆయన చేతిలో పడితే తిరిగి పలికేవి. గల్ఫులో యుద్ధం వచ్చిన ఏడు డీజిల్ దొరక్క బంకుల ముందు డబ్బాలు బారులు తీరి ఉండేవి, మనుషులు వాటి పక్కనే కూర్చుని అన్నాలు తినేవాళ్ళు. హార్బర్లో బోట్లు వారాల తరబడి కదల్లేదు. చేపల వేలంపాట జరిగే చోట కుక్కలు పడుకునేవి.

ఆ రోజుల్లో ఒకసారి తెనాలి వెళ్ళి మాస్టారింటికి వెళ్ళాను. పెరట్లో ఆయన, ఎదురుగా గాజు జాడీ, జాడీ నిండా తెల్లగా చిక్కగా ఏదో. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏంటండీ మాస్టారూ ఇది?"

"కానుగ నూనె నుంచి డీజిల్ చేశానమ్మా. చేశాననే అనుకున్నాను. కడగబోతే ఇలా అయింది."

బయోడీజిల్ అనే మాట అప్పటికి మేమెవరం వినలేదు. ఆయన ఎక్కడో పత్రికలో చదివి మొదలుపెట్టారు. కానుగ నూనెలో మిథనాల్, కొద్దిగా కాస్టిక్ సోడా కలిపి వెచ్చచేస్తే, నల్లటి గ్లిజరిన్ అడుక్కి దిగుతుంది, పైన పల్చటి నూనె తేలుతుంది. ఆ నూనెతో డీజిల్ ఇంజను నడుస్తుంది. అయితే అందులో కాస్టిక్ వల్ల పుట్టిన సబ్బూ, మిగిలిన కాస్టిక్కూ, మిథనాలూ ఉంటాయి. వాటిని నీళ్ళతో కడిగి తియ్యాలి. నూనెని నీళ్ళతో కడగడమేంటని అడక్కండి, నేనూ అలాగే అడిగాను. నీళ్ళు బరువు కాబట్టి నూనెలోంచి కిందికి దిగుతూ ఆ చెత్తంతా తమతో పట్టుకుపోతాయి. మాస్టారు జాడీలో నీళ్ళు పోసి, ల్యాబులో పరీక్షనాళిక ఊపినట్టు ఊపేశారు. లోపలున్న సబ్బు పని చేసి నూనే నీళ్ళూ కలిసిపోయి గట్టి మజ్జిగలా తయారైంది. రెండు రోజులైనా విడిపోలేదు.

మాస్టారి భార్య, మేమంతా అమ్మగారు అనేవాళ్ళం, వంటింటి గుమ్మంలోంచి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"వెన్న కడిగేటప్పుడు ఎవరైనా చిలుకుతారా అండి? చిలకడం అయిపోయాకే కదా కడుగుతాం. పైనుంచి నీళ్ళు వదిలి, మెల్లగా తిప్పి, ఆ నీళ్ళు వంపెయ్యాలి. మళ్ళీ పొయ్యాలి. నీళ్ళు తేటగా వచ్చేదాకా నాలుగు నీళ్ళు కడగాలి."

"తర్వాత?" అన్నారు మాస్టారు. క్లాసులో మేం ఆయన్ని అడిగినట్టే అడిగారు.

"తర్వాతేముంది, కాచడమే. చిటపట ఉన్నంతసేపూ అందులో నీళ్ళున్నట్టే. చిటపట ఆగిపోతే నెయ్యి. కానీ మీరు ఈ స్పిరిట్లు పట్టుకుని నా వంటింటి పక్కన పొయ్యి వెలిగిస్తే మాత్రం నేను మా అన్నయ్యగారింటికి వెళ్ళిపోతాను."

ఆయన వెంటనే రికార్డు పుస్తకం తెరిచి ఆవిడ చెప్పిందంతా రాసుకున్నారు. కింద ఆవిడ పేరు కూడా రాశారు.

అలా ఆ పని మా రేపల్లె పెరట్లోకి వచ్చిపడింది. ఆదివారం పొద్దుటి పాసింజరుకి మాస్టారు తెనాలి నుంచి వచ్చేవారు. మిథనాల్ కలిపేది ఆయనే, మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. దానికి మంట అంటుకుంటే పగటి వెలుతురులో కనపడదని, ముందు అరచేయి పక్కకి పెట్టి వేడి చూసి అడుగు వెయ్యమని నేర్పారు. నా పెరట్లో నేనే దొంగలా నడిచేదాన్ని. వారం మధ్యలో కడగడం నా పని. అడుగున కుళాయి ఉన్న డ్రమ్ములో నూనె, పైనుంచి చిల్లుల డబ్బాతో చిరుజల్లులా నీళ్ళు. మొదటి నీళ్ళు కుడితిలా దిగేవి, నాలుగోసారికి తేటపడేవి. ఆ తర్వాత వెడల్పాటి బేసిన్లలో పోసి ఎండలో పెట్టేదాన్ని. చివర్న పరీక్ష అమ్మగారిది. కాలిన పెనం మీద ఒక చుక్క వెయ్యాలి. చిటపటలాడితే లోపల నీళ్ళున్నాయి. చప్పుడు లేకపోతే నూనె ఆరినట్టు.

"పెనం మాట్లాడిందా?" రైలు దిగి గేటు తీస్తూనే ఆయన మొదటి మాట అది. కుశలప్రశ్నలన్నీ తర్వాతే.

రెండు నెలలు మా ఆయన షెడ్డులో పాత పంపుసెట్టు మీద ఆ నూనె నడిచింది. పొగ కూడా తక్కువ. షెడ్డంతా బజ్జీలు వేయిస్తున్న వాసన వచ్చి, దారిన పోయేవాళ్ళు ఆగి లోపలికి తొంగి చూసేవాళ్ళు. ఆ కబురు నిజాంపట్నం చేరింది. అక్కడ మా ఆయన ఇంజను బాగుచేసిన బోటు ఒకటుండేది. దాని సరంగు, అంటే బోటు నడిపేవాడు, మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "మూడు వారాలైందమ్మా బోటు కదిలి. మా దగ్గర కొంచెం డీజిలుంది, మీ నూనె అందులో కలుపుకుంటాం. మొగ దాటి సముద్రంలో ఒక చుట్టు చుట్టి వచ్చేస్తాం. నడిస్తే మా పేటంతా బతుకుద్ది," అన్నాడు.

మాస్టారు ఆ మాట విని ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. షెడ్డులో ఇంజను ఆగితే దిగి ఇంటికి పోవచ్చు, సముద్రంలో ఆగితే ఎక్కడికి పోతారు అన్నారు. చివరికి ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద. "వచ్చే ఆదివారం నేనొచ్చి చూస్తాను. నేను చూసేదాకా డబ్బా గడప దాటకూడదు."

ఆ వారమంతా ముసురు. ఎండ లేదు. నాలుగు నీళ్ళూ శ్రద్ధగానే కడిగాను. శనివారం మధ్యాహ్నం ఒక గంట ఎండ కాస్తే బేసిన్లు బయటపెట్టాను, మళ్ళీ మబ్బు పడితే నూనె పెద్ద డబ్బాలోకి వంపేశాను. ఆదివారం పొద్దున్నే సరంగు మనిషిని పంపాడు. గాలి పడింది, ఇప్పుడే వెళ్తే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు, ఇంకా ఆగితే మళ్ళీ గాలి లేస్తుంది అని కబురు. మా ఆయన నా వైపు చూశారు. "మాస్టారు వచ్చేసరికి పదవుతుంది. నీ పెనం ఏమంటుందో చూడు," అన్నారు.

పొయ్యి వెలిగించి పెనం పెట్టాను. డబ్బా మూత తీసి, నెయ్యి తీసే గరిటెతో పైనుంచి కొంచెం తీసుకుని వేశాను. పెనం మీద చప్పుడు లేదు. మళ్ళీ వేశాను. లేదు.

"బాగుంది, తీసుకెళ్ళండి," అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

మాస్టారు వచ్చేసరికి నేను చర్చికి వెళ్ళడానికి తయారై ఉన్నాను. గేటు తీస్తూ, "పెనం మాట్లాడిందా?" అన్నారు. లేదండి, డబ్బా వెళ్ళిపోయిందండి, మా ఆయన కూడా బోటులో వెళ్ళారండి అని చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడటం ఆయనకి రాదు. భుజం మీది సంచి దించకుండానే అడిగారు.

"ఎక్కడి నుంచి తీసి వేశావమ్మా?"

"డబ్బాలోంచేనండి."

"డబ్బాలో ఎక్కడి నుంచి?"

"పైనుంచి."

అంటుండగానే నాకు అర్థమైంది. మా అమ్మ, మా అమ్మమ్మ, ఈ దేశంలో నెయ్యి కాచే ఆడవాళ్ళందరూ పైనుంచే తీస్తారు. పైన తేట, అడుగున గసి. చేతికి అదే అలవాటు. మరి నీళ్ళు బరువు కదా, అడుక్కి కదా దిగుతాయి. ఏళ్ళ తరబడి పిల్లలకి పాఠం చెప్తున్నదాన్ని. పైనున్న నూనె ఆరింది. అడుగున ఏముందో నేను చూడనే లేదు. బోటులో డబ్బా బోర్లిస్తారు, అంతా ట్యాంకులోకి పోతుంది, ఇంజను ట్యాంకు అడుగునుంచే తాగుతుంది.

డబ్బాలో పట్టగా మిగిలిన నూనె ఒక క్యానులో ఉంది. మాస్టారు దాన్ని వంచి అడుగునుంచి ఒక గరిట తీశారు. పెనం వేడెక్కేదాకా ఇద్దరం పొయ్యి దగ్గర నిలబడ్డాం. చుక్క పడగానే పెనం పేలినట్టు చిటపటలాడింది. ఆయన పొయ్యి ఆర్పారు, ఇంకోసారి చూశారు, మూడోసారి చూడకుండానే గేటు వైపు నడిచారు. ఆయన్ని అలా చూడటం నాకు అదే మొదటిసారి. పెనం చప్పుడుకన్నా అదే ఎక్కువ భయపెట్టింది.

నిజాంపట్నం బస్సులో నేను ప్రార్థన చేద్దామనుకున్నాను, ఒక్క మాటా గుర్తు రాలేదు. పక్క సీట్లో మాస్టారు చేతులు ఒళ్ళో పెట్టుకుని గొణుక్కుంటున్నారు. చెవి పెట్టి వింటే, "నోటితో లాగకుండా ఉంటే బాగుండు, నోటితో లాగకుండా ఉంటే బాగుండు," అంటున్నారు.

ఏంటండీ అన్నాను.

"ఇంజను ఆగితే మెకానిక్కు ఏం చేస్తాడమ్మా? పైపు విప్పి నోటితో లాగుతాడు. అందులో మిథనాల్ మిగిలి ఉంటే..."

అప్పుడు చెప్పారు. ఆయన మొదటి ఉద్యోగంలో, ఏ ఊరో చెప్పలేదు, ల్యాబులో ఒక అటెండరు ఉండేవాడట. మామూలు స్పిరిట్ అనుకుని గాజు గొట్టంతో నోటితో మిథనాల్ లాగాడు, కొంత లోపలికి పోయింది. మర్నాటికి చూపు మసకబారింది. తర్వాత ఆ చూపు ఇక రాలేదు. "నేను పక్క గదిలోనే ఉన్నాను. సీసా మీద పేరు ఇంగ్లీషులో ఉంది. అతనికి చదవడం రాదు. నాకు తెలుసు రాదని. చెప్పలేదు," అన్నారు. ల్యాబులో మా చేత సీసాల పేర్లు గట్టిగా ఎందుకు చదివించారో నాకు ఆ బస్సులో తెలిసింది.

డీజిల్ లేక బస్సులూ తగ్గిపోయాయి, హార్బరుకి చేరేసరికి రెండు దాటింది. బోటు రాలేదు. గాలి లేచింది, అదీ ఒడ్డు మీద నుంచి సముద్రంలోకి. ఎండు చేపలు ఆరబెట్టే దొడ్డి పక్కన సరంగు భార్య నిలబడి ఉంది. చేపలు తిరగేసే పని ఆపేసి కొంగు నడుముకి బిగించి, కాలవ సముద్రంలో కలిసే మొగ వైపే చూస్తోంది. బోటులో నలుగురు. ఆవిడ మొగుడు, మరిది, ఇంకో కుర్రాడు, మా ఆయన.

"రెండింటికి రావాలండి. రాలేదు," అంది.

నేను నోరు తెరిచాను. అమ్మా, తప్పు నాది అనాలి. మాస్టారు నా మోచెయ్యి పట్టుకుని ఒక పక్కకి జరిపి, తనే ముందుకి వెళ్ళారు.

"అమ్మా, ఆ నూనెలో నీళ్ళుండిపోయాయి. తప్పు నాది. నేను చెప్పాల్సినట్టు చెప్పలేదు. ఒక బోటు పంపించి వెతికించండి. ఇప్పుడే."

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. పేటలోకి పరిగెత్తి మనుషుల్ని లేపింది. ఉన్న డబ్బాల అడుగుల్లో డీజిలంతా వంపుకుని ఇంకో బోటు బయల్దేరింది. ఆవిడ తిరిగొచ్చి మాస్టారి ముందు నిలబడింది.

"మీరు ఇక్కడే కూర్చోండి. వాళ్ళొచ్చేదాకా కదలొద్దు."

"కదలనమ్మా," అన్నారు మాస్టారు.

ఆ ఇసకలో, నెత్తిన తువ్వాలు కప్పుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను పక్కన. ఒకసారి మెల్లగా, "మాస్టారూ, నేను చెప్పేస్తానండి," అన్నాను. "ఊరుకో అమ్మా. ఇప్పుడు కాదు," అన్నారు. కాసేపటికి మళ్ళీ అన్నారు. "పెనం పెట్టమని చెప్పాను. అడుగునుంచి తియ్యమని చెప్పలేదు. నాకు తెలుసు నీళ్ళు అడుగునుంటాయని. చెప్పాల్సింది."

ఎంతసేపు కూర్చున్నామో నాకు తెలీదు. ఎవరో మంచినీళ్ళు తెచ్చిచ్చారు. మాస్టారు వాసన చూడకుండా తాగేశారు.

పొద్దు వాలుతుండగా మొగలో రెండు బోట్లు కనపడ్డాయి. ముందు బోటు వెనక బోటుని మోకుతో లాక్కొస్తోంది. వెనక బోటులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడానికి నా కళ్ళు సహకరించలేదు. సరంగు భార్యే పైకి లెక్కపెట్టింది. నలుగురు. ఆవిడ మోకు అందుకోవడానికి నీళ్ళలోకి నడిచింది.

మొగ దాటిన అరగంటకే ఇంజను దగ్గి ఆగిపోయిందట. లంగరు వేస్తే అడుగు అందక బోటు లోపలికి కొట్టుకుపోయిందట. ఫిల్టరు విప్పితే అన్నీ నీళ్ళే. మా ఆయన దిగుతూనే చెప్పారు, "పైపు నోటితో లాగి లాగి దవడలు పోయాయి."

మాస్టారు గబగబా ఆయన ముందుకెళ్ళి మొహం ముందు వేళ్ళు పెట్టారు.

"ఎన్ని వేళ్ళు బాబూ?"

మా ఆయన అప్పటికే మండిపోతున్నారు. "మీ నూనె మూలాన నలుగురం పోయేవాళ్ళం మాస్టారూ. ఇప్పుడు వేళ్ళ లెక్కలా?"

"తిట్టు బాబూ, తర్వాత తిట్టు. ఎన్ని వేళ్ళు?"

"మూడు."

మర్నాడు సోమవారం మాస్టారు కాలేజీకి సెలవు పెట్టి మా ఇంట్లోనే ఉండి గంటకోసారి వేళ్ళు చూపించారు. రాత్రి బండికి తెనాలి వెళ్ళి, మంగళవారం పాసింజరుకి మళ్ళీ వచ్చారు. చూపు చెక్కుచెదరలేదని నమ్మకం కుదిరాక, నన్ను పెరట్లోకి పిలిచి అన్నారు. "నువ్వు నాలుగు నీళ్ళూ సరిగ్గా కడిగావమ్మా. మిథనాల్ అంతా నీళ్ళతో పోయింది. ఒక్క నీళ్ళు తగ్గించినా ఏమయ్యేదో. అది గుర్తు పెట్టుకో." నా తప్పు గురించి మాత్రం ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు.

నేనూ అనలేదు. ఇప్పుడు కాదు అన్నారు కదా, ఎప్పుడో చెప్దాంలే అనుకున్నాను. ముందు మా ఆయన కోపానికి భయం, తర్వాత ఆ సరంగు భార్య మొహం తల్చుకుంటే భయం, ఆ పైన ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటారని భయం. మాస్టారి భయాలన్నీ ఎదుటివాళ్ళ కోసం. నాది నా కోసం.

దానివల్ల ఏం జరిగిందో కూడా రాస్తాను. "ఆ మనిషి చేతి నూనె మళ్ళీ నా ఇంజనులో పొయ్యను," అన్నారు మా ఆయన. అన్నట్టే చేశారు. మెకానిక్కే కాదన్నాక ఇంకెవరు తీసుకుంటారు? రేపల్లెలో ఆ పని ఆగిపోయింది. మాస్టారు రిటైరై బాపట్ల వెళ్ళాక పెరట్లో ఒక్కరే కొంచెం కొంచెం చేసుకునేవారు. నడపడానికి ఇంజను లేదు. అమ్మగారు పోయాక అదే ఆయనకి కాలక్షేపం. మేం చూడ్డానికి వెళ్తే మా ఆయన నవ్వుతూ, "ఏం మాస్టారూ, ఇంకా నీళ్ళ నూనె చేస్తున్నారా?" అనేవారు. ఆయనా నవ్వి తల దించుకునేవారు. నేను కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేదాన్ని. తొమ్మిదేళ్ళు అలాగే వెళ్ళిపోయాను.

పెద్దకర్మ రోజు ఇద్దరం బాపట్ల వెళ్ళాం. పెరట్లో గాడిపొయ్యి మీద వంటలవుతున్నాయి. మాస్టారి అమ్మాయి నా చేతిలో రికార్డు పుస్తకం పెట్టింది. "ఇది మీకివ్వమన్నారక్కా. ఎప్పట్నుంచో అంటున్నారు."

పేజీలు తిప్పాను. తేదీ, ఎన్ని నీళ్ళు, నీళ్ళ రంగు, పెనం, కడిగినవారు. ప్రతి వరసలోనూ చివరి గడిలో పేరుంది. ఆయనది, నాది, ఒకచోట అమ్మగారిది. ఆ ఆదివారం వరస దగ్గర ఆగాను. నాలుగు నీళ్ళు. తేట. పెనం: పై నూనె మౌనం, అడుగు నూనె చిటపట. కడిగినవారు అన్న గడి ఖాళీగా ఉంది.

ఆయన అబద్ధం రాయలేరు. నా పేరు రాయడానికి చెయ్యి రాలేదు. జీవితంలో పూర్తి చెయ్యకుండా వదిలేసిన రికార్డు అదొక్కటే అయ్యుంటుంది.

నా సంచిలోంచి పెన్ను తీసి ఆ గడిలో నా పేరు రాశాను. పక్కన, పరీక్షకి పైనుంచి తీసింది కూడా నేనే అని రాశాను. నిలబడే, పుస్తకం అరచేతిలో పెట్టుకుని రాయడంతో అక్షరాలు వంకరపోయాయి. దిద్దలేదు. పుస్తకం అలాగే మా ఆయన చేతికిచ్చాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ఇంకోసారి చదివారు. నేను తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను. ఆయన నా వైపు చూడనేలేదు. పెరట్లో ఒక మూలన కుళాయి ఉన్న డ్రమ్ము ఉంది, దాని మీద మాస్టారి చేతిరాతతో మొన్న మొన్నటి తేదీ. మా ఆయన దాని దగ్గరికి వెళ్ళి మూత మీద చెయ్యి వేసి ఆ తేదీ చదివారు.

"అమ్మా, ఒక పెనం ఇస్తావా?" అన్నారు, మాస్టారి అమ్మాయితో.

వంటవాళ్ళు ఒక పొయ్యి ఖాళీ చేసిచ్చారు. పెనం కాలింది. మా ఆయన కింద కూర్చుని, కుళాయి తిప్పి, డ్రమ్ము అడుగునుంచి గరిటెలోకి నూనె పట్టారు. పెనం మీద ఒక చుక్క వేశారు. మరో చుక్క. తర్వాత గరిటెడూ పోసేశారు.

చుట్టూ గిన్నెల చప్పుడు ఆగింది. మా ఆయన మెడ వంచి, చెవి పెనానికి దగ్గరగా పెట్టి వింటున్నారు. నూనె పల్చగా పెనమంతా పరుచుకుంది. సన్నగా పొగ లేచింది. చప్పుడు లేదు. ఆయన ఇంకా వింటూనే ఉన్నారు.